పనిమంతుడికి పత్రం ఏది?

వలస చట్టాల దృష్టిలో ‘నైపుణ్యం గల కార్మికుడు’ ఎవరన్న ప్రశ్నకు ఒక్కో దేశం ఒక్కో తీరుగా జవాబు చెబుతున్నా, ఆ జవాబులన్నింటిలోనూ ఒక పోలిక కనిపిస్తుంది. దరఖాస్తుదారుకు పని ఎంత బాగా వచ్చునన్నది చాలా దేశాలు తొలి మెట్టులో చూడవు. ఆ పనిని ఎంతకాలం, ఎవరి దగ్గర, వారానికి ఎన్ని గంటలు, ఎంత వేతనానికి చేశాడన్న దానికి నిలబడే రుజువును చూస్తాయి. డిగ్రీతో వెళ్లేవారికి ఈ తేడా పెద్దగా తెలియదు, ఎందుకంటే వారి తరఫున విశ్వవిద్యాలయమే పట్టా రూపంలో సాక్ష్యం చెబుతుంది. వెల్డరు, ఎలక్ట్రీషియను, తాపీమేస్త్రీ, వడ్రంగి, ఏసీ మెకానిక్ వంటి వృత్తిపనివారి విషయంలో ఆ సాక్ష్యం చెప్పవలసింది వారు పనిచేసిన షాపు, షెడ్డు, మిల్లు లేదా కాంట్రాక్టరు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతపు షాపులూ షెడ్లూ పని నేర్పడంలో ఎన్నడూ వెనకబడలేదు గాని, ఆ పనిని కాగితం మీద పెట్టే అలవాటు వాటికి ఏనాడూ లేదు. అందువల్ల పదిహేనేళ్ల అనుభవం ఉన్న మేస్త్రీ అర్హత లెక్కలో సున్నాగా మిగిలిపోవడం, నిన్నగాక మొన్న ఐటీఐ ముగించి ఒక కంపెనీలో రెండేళ్లు జీతం పత్రాలతో పనిచేసిన కుర్రాడు అదే లెక్కలో నెగ్గుకురావడం ఇక్కడ వింతేమీ కాదు.

వారం కూలి, రాయని హాజరు

కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఈ మూడు పట్టణాల్లో, 2022 ఏప్రిల్ 4 నాటి జిల్లాల పునర్విభజన తరువాత తెనాలి గుంటూరు జిల్లాలోనే మిగలగా, బాపట్ల తన పేరిటే ఏర్పడిన కొత్త జిల్లాకు కేంద్రమైంది, రేపల్లె ఆ జిల్లాలో ఒక రెవెన్యూ డివిజనుకు కేంద్రమైంది. పనిపాటల పరంగా మాత్రం ఇది విడదీయరాని ఒకే ప్రాంతం. తెనాలి నుంచి ఒక రైలు దారి రేపల్లెకు, మరొకటి బాపట్ల మీదుగా చెన్నై వైపు సాగుతాయి. ఈ రెండు దారుల నడుమా వాటి చుట్టుపక్కలా ఉన్న ధాన్యం మిల్లులు, రొయ్యల చెరువులు, నిజాంపట్నం హార్బరులోని మరబోట్లు ఎవరో ఒక మెకానిక్ చేతి చలవతోనే నడుస్తుంటాయి. నీటికి ప్రాణవాయువు అందించే ఏరియేటర్ అర్ధరాత్రి ఆగిపోతే తెల్లవారేలోగా చెరువులోని రొయ్యంతా పోయే ప్రమాదం ఉంటుంది కనుక, మోటార్లు, జనరేటర్లు బాగుచేసే మనిషికి ఆక్వా గ్రామాల్లో ఉండే గిరాకీ మామూలుది కాదు. తెనాలిలోని సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు పాత ఇనుప సామానుతో, నట్లూ బోల్టులతో నిలువెత్తు విగ్రహాలు చేసి దేశమంతటా పేరు తెచ్చుకున్నారు. 2021లో వారు చేసిన 14 అడుగుల ప్రధానమంత్రి విగ్రహం వార్తలకెక్కింది. అంత పెద్ద ఆకారాన్ని ముక్కముక్కగా అతికి నిలబెట్టడానికి ఎలాంటి వెల్డింగ్ నేర్పు కావాలో ఆ పని తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇలాంటి నేర్పు తరం నుంచి తరానికి అందే పద్ధతికి కాగితంతో సంబంధం లేదు. చదువు మధ్యలో ఆగిన కుర్రాడు హెల్పరుగా చేరి, మొదటి ఏడాది పనిముట్లు అందిస్తూ, రెండో ఏడాది చిన్న చిన్న పనులు సొంతంగా చేస్తూ, నాలుగైదేళ్లకు మేస్త్రీగా నిలదొక్కుకుంటాడు. కూలి వారానికోసారి చేతికి అందుతుంది, అవసరానికి తీసుకున్న అడ్వాన్సు యజమాని చిట్టాపుస్తకంలో చేరుతుంది, ఆ పుస్తకం నిండగానే అటకెక్కుతుంది. నియామక పత్రం గాని, జీతం పత్రం గాని, భవిష్యనిధి ఖాతా గాని లేని ఈ ఏర్పాటులో యజమానికీ పనివాడికీ మధ్య నమ్మకం గట్టిగానే ఉంటుంది. అయితే ఆ నమ్మకం వారిద్దరి మధ్యే ఉంటుంది తప్ప, ఒట్టావాలోనో బెర్లిన్‌లోనో దరఖాస్తు తెరిచి చూసే అధికారికి అందులో చదవగలిగినది ఏమీ ఉండదు.

ఈ ప్రాంతానికి విదేశీ వలస కొత్తది కాదన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. 1945లో వ్యవసాయ కళాశాల, 1981లో ఇంజనీరింగ్ కళాశాల నెలకొన్న బాపట్ల నుంచి, చదువుకు పేరుపడిన తెనాలి నుంచి వైద్యులు, ఇంజనీర్లు, శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా విదేశాలకు వెళుతూనే ఉన్నారు. ఏ పరీక్ష రాయాలో, ఏ కాగితం ఎవరితో ధ్రువీకరించుకోవాలో ఆ దారిలో పక్కింటివారే చెప్పగలరు. వృత్తిపనివారికి అలాంటి నడిచిన దారి గల్ఫు ఒక్కటే. శాశ్వత నివాసానికి దారితీసే వలస గురించి వారికి చెప్పేది చాలావరకు కన్సల్టెన్సీల ప్రకటన బోర్డులే.

కెనడా లెక్క

వృత్తిపని అనుభవాన్నే ప్రధాన అర్హతగా తీసుకున్న శాశ్వత నివాస పథకాల్లో అందరికీ తెలిసినది కెనడాది కాబట్టి, దాన్ని కొంత వివరంగా పరిశీలించడం అవసరం. కెనడా 1967లోనే వలసదారుల ఎంపికకు పాయింట్ల పద్ధతిని ప్రవేశపెట్టింది. 2002లో అమల్లోకి వచ్చిన కొత్త వలస చట్టం ఉన్నత విద్యకు, భాషకు పెద్దపీట వేయడంతో చేతిపని వారికి ఆ దారి ఇరుకైపోయింది. ఇళ్లు కట్టేవారు, పైపులు బిగించేవారు అక్కడ కరువవుతుండగా ఎంపిక మాత్రం పట్టభద్రులదే అయింది. ఈ వైరుధ్యాన్ని సరిదిద్దడానికి 2013 జనవరి 2న ఫెడరల్ స్కిల్డ్ ట్రేడ్స్ ప్రోగ్రామ్ పేరుతో వృత్తిపనివారికి ప్రత్యేక పథకం మొదలైంది. తొలి ఏడాది 43 వృత్తులకు, 3,000 దరఖాస్తులకు పరిమితమైన ఈ పథకం 2015 జనవరి నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో భాగమైంది. అర్హత ఉన్నవారందరినీ ఒక జాబితాలో చేర్చి, పాయింట్ల వరుసలో పైనున్నవారిని విడతలవారీగా పిలిచే ఆన్‌లైన్ ఏర్పాటునే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అంటారు.

ఈ పథకంలో చదువుకు కనీస అర్హత అంటూ ఏదీ లేదు. పదో తరగతి తప్పినవారు కూడా నిబంధనల ప్రకారం అర్హులే. కావలసినది దరఖాస్తుకు ముందు ఐదేళ్లలో, ఒకే వృత్తిలో, కనీసం రెండేళ్ల పూర్తికాలపు అనుభవం. వారానికి 30 గంటల చొప్పున రెండేళ్లకు 3,120 గంటలుగా దీన్ని లెక్కిస్తారు. ఆ అనుభవం కూడా ఎవరి పర్యవేక్షణా లేకుండా సొంతంగా ఆ వృత్తి చేయగల స్థితికి వచ్చిన తరువాతిదై ఉండాలి కనుక, హెల్పరుగా గడిపిన కాలం లెక్కలోకి రాదు. ఆపైన రెండింటిలో ఏదో ఒకటి చూపించాలి: కనీసం ఏడాదిపాటు పూర్తికాలపు ఉద్యోగం ఇస్తామన్న కెనడా యజమాని హామీ, లేదంటే ఆ దేశపు ఏదైనా రాష్ట్రం ఇచ్చే వృత్తి అర్హత పత్రం. రెండోదాని కోసం సాధారణంగా కెనడాకు వెళ్లి అక్కడి అధికారుల ముందు అనుభవాన్ని నిరూపించుకుని, పరీక్ష రాయవలసి ఉంటుంది. రెడ్ సీల్ అనే అంతర్రాష్ట్ర గుర్తింపు పరీక్షలో 70 శాతం మార్కులు వస్తే తప్ప ఉత్తీర్ణులు కారు. ఈ షరతే తెనాలిలో కూర్చుని దరఖాస్తు చేయాలనుకునే వెల్డరుకు అసలు అడ్డుగోడ అయినప్పటికీ, ప్రకటన బోర్డుల మీద ఇది ఎక్కడా కనిపించదు.

అనుభవాన్ని ఏ వృత్తి కింద లెక్కించాలన్నది తేల్చడానికి కెనడా ప్రభుత్వం జాతీయ వృత్తుల వర్గీకరణ అనే పెద్ద పట్టికను ఉపయోగిస్తుంది. ప్రతి వృత్తికీ అయిదంకెల సంఖ్య, చేయవలసిన పనుల జాబితా, శిక్షణ స్థాయిని బట్టి 0 నుంచి 5 వరకు ఒక మెట్టు అందులో ఉంటాయి. అధికారి చూసేది హోదా పేరును కాదు, చేసిన పనులు ఆ జాబితాతో సరిపోతున్నాయా లేదా అన్నదాన్ని. డెల్టా పనులను ఈ పట్టికలో పెట్టి చూస్తే ఆసక్తికరమైన ఫలితాలు వస్తాయి. ధాన్యం మిల్లులో యంత్రాలను నడిపే డ్రైవరు ఆహార పరిశ్రమ యంత్ర నిర్వాహకుల కింద, నాలుగో మెట్టులో పడి, వృత్తిపనివారి పథకానికి బయటే ఉండిపోతాడు. అదే మిల్లులో బేరింగులు మార్చి, షాఫ్టులు సరిచేసి, యంత్రాలను బిగించే మనిషి పారిశ్రామిక మెకానిక్కుగా రెండో మెట్టులో చేరి అర్హుడవుతాడు. చిన్న మిల్లుల్లో ఈ రెండు పనులూ చేసేది ఒక్కడే కావడం మామూలు కాబట్టి, యజమాని లేఖలో ఏ పనులు రాశాడన్నదాన్ని బట్టి అతని భవిష్యత్తు మారుతుంది. రొయ్యల చెరువుల మీద మేత చల్లి, వలలు లాగే కార్మికుడిది అట్టడుగున ఉన్న అయిదో మెట్టు. నిజాంపట్నం వైపు మరబోటు నడిపి వేటకు వెళ్లేవారిని మాత్రం అదే పట్టిక మూడో మెట్టులో చేర్చి, సాంకేతికంగా ఈ పథకం పరిధిలోకి తెచ్చింది. ఇనుప విగ్రహాల శిల్పశాలలో పనిచేసేవారి లేఖలో ‘శిల్పి’ అని ఉంటే వారు కళాకారుల వర్గానికి పోతారు, వృత్తిపనివారి పథకంలో ఆ వర్గానికి చోటు లేదు. నిజంగా వెల్డింగే చేస్తున్నవారి లేఖలో ఆ పని వివరంగా ఉంటే వారు వెల్డర్లే.

ఇంగ్లీషు విషయంలో ఈ పథకం నిజానికి ఉదారంగా ఉంది. ఐఈఎల్‌టీఎస్ జనరల్ పరీక్షలో వినడం, మాట్లాడడంలో 5 చొప్పున, రాయడంలో 4, చదవడంలో 3.5 వస్తే కనీస అర్హత లభిస్తుంది. తెలుగు మాధ్యమంలో చదివినవారు కూడా కొన్ని నెలల సాధనతో అందుకోగల స్థాయి ఇది. అయితే కనీస అర్హత వేరు, పిలుపు రావడం వేరు. జాబితాలో వరుసను నిర్ణయించే పాయింట్లలో వయసుకు, భాషకు, చదువుకు పెద్ద వాటా ఉంది: ఒంటరి దరఖాస్తుదారుకు 20 నుంచి 29 ఏళ్ల మధ్య వయసుకు 110 పాయింట్లు వస్తే, 40 ఏళ్లకు అవి 50కి తగ్గి, 45 నిండాక సున్నా అవుతాయి. చదువు అక్కరలేదని ముందు తలుపు దగ్గర చెప్పిన వ్యవస్థ, లోపలి తలుపు దగ్గర మళ్లీ చదువునే అడుగుతున్నదన్న మాట. 2023లో వృత్తిపనివారిని విడిగా పిలిచే విధానం మొదలయ్యాక ఈ ఇబ్బంది కొంత తగ్గింది. ఆ ఏడాది ఆగస్టులో జరిగిన తొలి విడతలో 388 పాయింట్లున్నవారికి కూడా ఆహ్వానం అందింది. పోటీ పెరిగి 2025 సెప్టెంబరు నాటికి ఆ గీత 505కు చేరింది. పైగా ఉద్యోగ హామీకి ఇచ్చే అదనపు పాయింట్లను, హామీ పత్రాలను అమ్ముకునే దందాను అరికట్టడానికి, 2025 మార్చి 25 నుంచి ఎత్తివేశారు. అర్హత షరతుగా మాత్రం హామీ ఇంకా చెల్లుతుంది.

అనుభవ పత్రంలో ఏముండాలన్నది కూడా స్పష్టంగానే చెప్పారు. సంస్థ లెటర్‌హెడ్ మీద, సంతకం చేసినవారి పేరు, హోదా, సంప్రదించే వివరాలతో, పనిచేసిన తేదీలు, వారానికి గంటలు, వార్షిక వేతనం, చేసిన పనుల జాబితా ఉండాలి. ‘ఫలానా వ్యక్తి మా వద్ద నిజాయితీగా పనిచేశాడు, మంచి నడవడిక కలవాడు’ అన్న రెండు వాక్యాల ధ్రువపత్రం మన దగ్గర ఎంత గౌరవంగా చెలామణి అవుతున్నా, ఈ లెక్కకు అది ఎందుకూ కొరగాదు. సొంతంగా షాపు నడుపుకునేవారి పరిస్థితి ఇంకా చిక్కు, ఎందుకంటే తన పనుల గురించి తానే రాసుకున్న ప్రకటనను అధికారులు రుజువుగా అంగీకరించరు. వ్యాపార నమోదు, ఆదాయాన్ని నిర్ధారించే మూడో వ్యక్తి పత్రాలు, ఖాతాదారుల లేఖలు కావాలి. సేవల వ్యాపారానికి ఏడాదికి రూ.20 లక్షల రాబడి దాటే వరకు జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదు కనుక, చాలామంది మేస్త్రీల షాపులకు గోడ మీది పేరు తప్ప మరో ఆధారం ఉండదు.

రెండేళ్ల కోర్సు, ఒక్క ఏడాది కోర్సు

జర్మనీ మరో కోణం నుంచి చూస్తుంది. 2020 మార్చి 1న అమల్లోకి వచ్చి, 2023, 2024లలో సవరణలు పొందిన అక్కడి నిపుణుల వలస చట్టం, స్వదేశంలో ప్రభుత్వ గుర్తింపు ఉన్న కనీసం రెండేళ్ల శిక్షణ పూర్తిచేసి, గత ఐదేళ్లలో రెండేళ్ల అనుభవం గడించినవారికి, తమ ధ్రువపత్రం జర్మన్ పత్రానికి సమానమని ముందుగా తేల్చుకోనవసరం లేకుండానే ఉద్యోగ వీసా ఇచ్చే దారి తెరిచింది. ఉద్యోగ ఒప్పందం మాత్రం ఉండాలి, 2025లో దానికి వార్షిక వేతనం సాధారణంగా 43,470 యూరోలకు తగ్గకూడదు. ఉద్యోగం వెతుక్కోవడానికే ఏడాదిపాటు అనుమతించే ‘ఛాన్సెన్‌కార్టె’ అనే అవకాశ కార్డు 2024 జూన్‌లో వచ్చింది. దానికీ రెండేళ్ల శిక్షణ, జర్మన్‌లో ప్రాథమిక స్థాయి లేదా ఇంగ్లీషులో మంచి స్థాయి, అక్కడ ఉన్నంతకాలం బతకడానికి సరిపడా సొమ్ము, ఆరు పాయింట్లు కావాలి. నైపుణ్యం గల భారతీయులకు ఏటా ఇచ్చే వీసాలను 20,000 నుంచి 90,000కు పెంచుతామని జర్మనీ 2024 అక్టోబరులో ప్రకటించినప్పుడు తెలుగు నాట కూడా ఆశలు చిగురించాయి.

ఈ చట్టంలోని రెండేళ్ల శిక్షణ అన్న మాట ఐటీఐ విద్యార్థుల మధ్య ఒక కనిపించని గీత గీసింది. మన ఐటీఐలలో ఫిట్టరు, ఎలక్ట్రీషియను, టర్నరు, రిఫ్రిజిరేషన్–ఏసీ టెక్నీషియను కోర్సులు రెండేళ్లవి. వెల్డరు, ప్లంబరు, కార్పెంటరు, డీజిల్ మెకానిక్ కోర్సులు ఏడాదివి. త్వరగా సంపాదనలో పడవచ్చన్న లెక్కతో కుటుంబాలు వెల్డరు కోర్సును ఎంచుకోవడం సహజమే. ఆ ఒక్క ఏడాది తేడా, వెల్డర్ల కొరత తీవ్రంగా ఉన్న దేశంలోనే వెల్డరుకు ఈ ప్రత్యేక దారిని మూసేస్తుందన్న సంగతి పదిహేనేళ్ల కుర్రాడికి ప్రవేశ సమయంలో చెప్పేవారు ఉండరు. షాపులో నేర్చుకున్న మేస్త్రీకైతే ఈ దారిలో అసలు చోటే లేదు. పని తెలిసినవారికి పరీక్ష పెట్టి పత్రం ఇచ్చే ‘పూర్వ అభ్యసన గుర్తింపు’ పద్ధతిని కేంద్ర ప్రభుత్వం 2015 నుంచి కౌశల్ వికాస్ యోజన కింద అమలు చేస్తున్నప్పటికీ, కొద్ది రోజుల్లో చేతికొచ్చే ఆ పత్రం రెండేళ్ల శిక్షణకు ప్రత్యామ్నాయం కాజాలదు.

పనిని కళ్లతో చూసి తేల్చే దేశాలు లేకపోలేదు. ఆస్ట్రేలియాలో ట్రేడ్స్ రికగ్నిషన్ ఆస్ట్రేలియా అనే ప్రభుత్వ సంస్థ నిర్దేశించిన పద్ధతిలో, దాని ఆమోదం పొందిన సంస్థలు ముందు పత్రాలను, తరువాత సాంకేతిక ఇంటర్వ్యూను, వృత్తిని బట్టి ప్రయోగ పరీక్షను నిర్వహిస్తాయి. లాంఛనమైన శిక్షణ లేనివారిని కూడా ఎక్కువ ఏళ్ల అనుభవం ఆధారంగా పరిశీలించడం ఈ విధానంలోని మంచి గుణం, షాపులో పెరిగిన మేస్త్రీకి సిద్ధాంతపరంగా దీనికంటే న్యాయమైన దారి మరొకటి లేదు. ఇబ్బందల్లా ఆ తరువాతే: పాయింట్ల వీసాకు 45 ఏళ్లలోపు వయసు, కనీసం 65 పాయింట్లు, ఐఈఎల్‌టీఎస్‌లో నాలుగు విభాగాలకూ ఆరేసి చొప్పున స్కోరు అడుగుతారు. ఆర్గాన్ వెల్డింగులో ఆరితేరిన మనిషికి ఇంగ్లీషు వ్యాసరచనలో ఆరు తెచ్చుకోవడం, ఆ వ్యాసం దిద్దే పరీక్షకుడికి పైపు జాయింటు వేయడం ఎంత కష్టమో అంత కష్టం.

గల్ఫు దేశాల్లో, ఇజ్రాయెల్‌లో పరిస్థితి దీనికి తలకిందులు. సౌదీ అరేబియా ప్లంబరు, ఎలక్ట్రీషియను, వెల్డరు, ఏసీ మెకానిక్ వంటి వృత్తులకు భారతదేశంలోనే నైపుణ్య పరీక్ష పెట్టి, ఉత్తీర్ణులైనవారికే వీసా ఇచ్చే పద్ధతి తెచ్చింది. 2023 నవంబరు ఒప్పందం తరువాత ఇజ్రాయెల్ సెంట్రింగు, రాడ్ బెండింగు, ప్లాస్టరింగు, టైల్స్ పనివారిని ఎంపిక చేసుకోవడానికి నిర్వహించిన పరీక్షల్లో అభ్యర్థి గోడ దగ్గర నిలబడి పనిచేసి చూపాలి. 2024లో హైదరాబాదులో కూడా అవి జరిగాయి. అక్కడ చేతికే మార్కులు. కానీ ఈ దేశాలు ఇచ్చేది ఒప్పందకాలపు పనే తప్ప స్థిరనివాసం కాదు. పనిని నేరుగా చూసే దేశాలు ఉండనివ్వవు, ఉండనిచ్చే దేశాలు పనికంటే ముందు కాగితం చూస్తాయి. వృత్తిపనివారి వలసలో ఇంతకంటే పెద్ద విడ్డూరం మరొకటి లేదు. 2019 ఏప్రిల్‌లో ప్రత్యేక నైపుణ్య వీసా తెచ్చిన జపాన్ ఈ రెండింటికీ మధ్యన ఉంది: వృత్తి పరీక్ష, ప్రాథమిక జపనీస్ భాషా పరీక్ష గట్టెక్కినవారికి ఐదేళ్లు అనుమతించి, పై స్థాయి పరీక్ష నెగ్గినవారికి కుటుంబంతో ఉండే వీలు కల్పిస్తుంది.

బ్రిటన్, అమెరికాల గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. బ్రిటన్ 2025 జూలై 22 నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకు డిగ్రీ స్థాయి ఉద్యోగాలనే ప్రమాణంగా చేసి, ప్రత్యేక జాబితాల్లోని కొన్నింటిని మినహాయించి వృత్తిపనులకు తలుపు మూసింది. అమెరికాలో రెండేళ్ల అనుభవం లేదా శిక్షణ కలిగిన కార్మికులకు ఈబీ–3 అనే గ్రీన్‌కార్డు వర్గం ఉన్నా, ఒక దేశానికి 7 శాతానికి మించకూడదన్న పరిమితి వల్ల భారతీయుల నిరీక్షణ దశాబ్దం దాటిపోయింది.

అమ్ముడుపోయే అనుభవం

కాగితం లేనిచోట కాగితం అమ్మేవాడు పుట్టుకొస్తాడు. తెలిసినవారి సంస్థ లెటర్‌హెడ్ మీద లేని ఉద్యోగానికి అనుభవ పత్రం రాయించడం, ఆ పత్రంలో బంధువుల ఫోను నంబరు పెట్టడం, వీసా వర్గీకరణలోని పనుల జాబితాను అక్షరం పొల్లుపోకుండా దించేయడం ఈ వ్యాపారంలో రివాజు. జాబితా మాటలతో లేఖ మరీ అచ్చుగుద్దినట్టు సరిపోతే అదే అధికారికి అనుమానం కలిగిస్తుందన్నది చాలామందికి తెలియదు. అబద్ధం బయటపడితే కెనడా ఐదేళ్లపాటు, ఆస్ట్రేలియా మూడేళ్లపాటు దరఖాస్తుదారును దూరం పెడతాయి. అమెరికా చట్టంలో ఆ నిషేధం జీవితకాలపుది. ఇందులో విషాదం ఏమిటంటే, ఈ శిక్షకు గురయ్యేవారిలో నిజంగా పని వచ్చినవారు ఉంటారు: తమ సొంత అనుభవాన్ని రుజువు చేసుకునే ఓపిక లేకనో, దారి తెలియకనో, పరాయి అనుభవాన్ని కొనుక్కున్నవారు.

ఎవరిని నమ్మాలన్నదానికి చట్టం కొన్ని గుర్తులు ఇచ్చింది. విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద నమోదై ఉండాలి, సేవారుసుముగా రూ.30 వేలు, దానిపై జీఎస్టీకి మించి తీసుకోరాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి ఓంక్యాప్ పేరుతో సొంత విదేశీ ఉపాధి సంస్థ కూడా ఉంది. శాశ్వత నివాస దరఖాస్తులు నింపిపెట్టే కన్సల్టెన్సీల సంగతి వేరు. వాటి సలహాదారుకు కెనడా విషయంలో అక్కడి ఇమ్మిగ్రేషన్ కన్సల్టెంట్ల నియంత్రణ సంస్థ లైసెన్సు, ఆస్ట్రేలియా విషయంలో అక్కడి వలస ఏజెంట్ల నమోదు సంఖ్య ఉన్నాయో లేదో ఎవరైనా ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. లక్షల రూపాయలు కట్టేముందు ఆ పని చేసేవారు తక్కువ.

పుస్తకం తెరిచే పని

రుజువు సమకూర్చుకునే మార్గాలు దేశంలో లేక కాదు. ఇరవై మంది ఉద్యోగులున్న సంస్థకు భవిష్యనిధి, పది మంది ఉన్నదానికి ఈఎస్‌ఐ వర్తిస్తాయి; నెలనెలా జమ చూపే పీఎఫ్ పాస్‌పుస్తకం ఏ దేశపు అధికారి అయినా గౌరవించే సాక్ష్యం. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక స్మృతుల్లో నియామక పత్రం ఇవ్వడం యజమాని బాధ్యతగా మారింది. అయితే తెనాలి వెల్డింగు షాపులో నలుగురో ఐదుగురో ఉంటారు, ఈ హద్దులు చాలావరకు వారి తలల మీదుగా పోతాయి. వారికి పనికొచ్చేది 1961 నాటి అప్రెంటిస్ చట్టం: నలుగురు పనివారున్న షాపు కూడా నమోదు చేసుకుని అప్రెంటిస్‌ను తీసుకోవచ్చు, శిక్షణ చివర పరీక్ష నెగ్గిన కుర్రాడికి జాతీయ స్థాయి పత్రం వస్తుంది. ఎలాగూ హెల్పరుగా చేర్చుకునే కుర్రాడినే అప్రెంటిస్‌గా నమోదు చేయడానికి యజమానికి పట్టేది కొంత సమయం. ఆ కుర్రాడికి దక్కేది రాతపూర్వకమైన గతం. పని తెలిసిన పెద్దవారు కొన్ని షరతులకు లోబడి, ఐటీఐలో చేరకుండానే ప్రైవేటు అభ్యర్థులుగా అఖిల భారత ట్రేడ్ పరీక్ష రాసే వీలు కూడా ఉంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం 18 సంప్రదాయ వృత్తులకు ధ్రువపత్రం, గుర్తింపు కార్డు ఇస్తున్నది, వాటిలో వడ్రంగం, తాపీపని, శిల్పంతో పాటు పడవల తయారీ, చేపల వలల అల్లిక కూడా ఉండడం రేపల్లె, బాపట్ల తీరానికి కలిసొచ్చే విషయం; విదేశీ అర్హతకు అది ఒక్కటే చాలదు గాని, ఫలానా మనిషిది ఫలానా వృత్తి అని ప్రభుత్వమే చెప్పిన తొలి కాగితం అదవుతుంది. సొంత షాపు ఉన్నవారికి స్వీయ ప్రకటనతో ఉచితంగా లభించే ఉద్యమ్ నమోదు, ఏటా దాఖలు చేసే ఆదాయపు పన్ను రిటర్ను, పని తేదీతో కూడిన బిల్లు పుస్తకం ఆ పని చేస్తాయి.

చేతికిచ్చే కూలిని బ్యాంకు ఖాతాకు మార్చడమన్నది వీటన్నింటిలోనూ తేలికైనది. ఫోన్‌లోనే చెల్లింపులు జరుగుతున్న కాలంలో శనివారం కూలి అదే ఫోను మీదుగా వెళితే, రెండేళ్లకు వంద పైచిలుకు వరుస జమలు బ్యాంకు స్టేట్‌మెంటులో నిలుస్తాయి. యజమానులు దీనికి జంకేది పన్ను లెక్కలు బయటపడతాయన్న భయంతో, పని నేర్చినవాడు వెళ్లిపోతాడన్న దిగులుతో. మొదటి భయం చాలా చిన్న షాపుల విషయంలో అవసరానికి మించినది; రెండోది నిజమే, కానీ కూలి చేతికిచ్చినంత మాత్రాన ఏ షాపూ మంచి మేస్త్రీని హైదరాబాదుకో చెన్నైకో పోకుండా ఆపుకోలేకపోయింది.

జారిపోయిన పదిహేనేళ్ల గురించి బెంగపడే మేస్త్రీలకు నిబంధనల్లోనే ఒక వెసులుబాటు ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కెనడా వృత్తిపనివారి పథకం గాని, జర్మనీ అనుభవ వీసా గాని లెక్కలోకి తీసుకునేది దరఖాస్తుకు ముందరి ఐదేళ్లను, అందులోనూ రెండేళ్లను మాత్రమే. అంతకు ముందరి కాలానికి కాగితం ఉన్నా ఆ కనీస షరతుకు అక్కరకు రాదు, లేకున్నా నష్టం లేదు. రాబోయే సంక్రాంతి నుంచి వారం వారం కూలి ఖాతాలో పడి, గంటలు పుస్తకంలో ఎక్కి, చేసిన పనులు లేఖలో చేరడం మొదలైతే, రేపల్లెలో మోటారు వైండింగు చేసే ముప్పై ఏళ్ల మనిషికి ముప్పై రెండు నిండేసరికి 3,120 గంటల రుజువు సిద్ధమవుతుంది. ఆపై అతనికి మిగిలేది ఇంగ్లీషు పరీక్ష, ఉద్యోగ హామీ లేదా కెనడా రాష్ట్రపు అర్హత పత్రం, అవి కుదిరే వరకు ఖర్చులకు దాచుకోవలసిన సొమ్ము.